మాటల్లో లేని విషయం: ఒక గది, ఇద్దరు మనుషులు, ఒక మేకు. షాట్, లైట్, సౌండ్ ఎలా ప్లాన్ చేయాలి?

గుమ్మంనీడ

లో యాంగిల్ అంటే అధికారం, నీడ అంటే రహస్యం, నిశ్శబ్దం అంటే దుఃఖం. ఇలాంటి పట్టికలు ఎక్కడ చూసినా ఉన్నాయి, వాటిని ముందు పెట్టుకుని ఒక్క సీనూ తీయలేం. అందుకే ఒక సీను ఇస్తున్నాను. కెమెరా, లైటింగ్, సౌండ్, ఎడిటింగ్ వాళ్లు ఎవరి వైపు నుంచి వాళ్లు విప్పి చెప్పండి.

రాత్రి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గది. పొడవులో ఒక చివర గుమ్మం, ఎదురు చివర కిటికీ. కిటికీ వైపు మంచం, పక్క గోడకు ఆనించి చిన్న బల్ల, దాని మీద దీపం. అక్క మంచం అంచున కూర్చుని పెట్టె సర్దుతోంది, వీపు గుమ్మం వైపు. తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇల్లు అమ్మేసిన సంగతి అతను చెప్పలేదు. ఆమెకు తెలిసిపోయింది. తెలిసిపోయిందని అతనికి తెలియదు. మాటలన్నీ రైలు టైము గురించే. చివర్లో ఆమె గోడ మీది ఫొటో తీసి పెట్టెలో పెట్టి, ఆ తర్వాత మేకు కూడా పీకుతుంది. మళ్లీ వచ్చే ఇల్లయితే మేకు ఎవరూ పీకరు. అతనికి అర్థమయ్యేది అక్కడే. నిడివి రెండు నిమిషాలు. పైన సీలింగ్ ఫ్యాను తిరుగుతోంది.

ఆమెకు తెలుసని ప్రేక్షకుడికి మొదటి అరనిమిషంలోనే తెలియాలి. అతనికి మాత్రం మేకు దగ్గరే తెలియాలి. ఎలా?

లెన్స్‌బ్యాగ్

మీరు రాసుకున్న పొజిషన్‌లోనే సగం జవాబుంది. ఆమె వీపు అతని వైపు ఉంది కదా. కెమెరాను కిటికీ వైపు పెట్టి గుమ్మం వైపు చూపించండి. ముందు ఆమె ముఖం, వెనక గుమ్మంలో అతను, ఇద్దరూ కెమెరా వైపే ఉంటారు. అతనికి కనిపించని ఆమె ముఖం మనకు కనిపిస్తుంది. ప్రేక్షకుడికి తెలిసి అతనికి తెలియని విషయం ఉందని చెప్పడానికి ఈ ఒక్క ఏర్పాటు చాలు, ఏ ఎక్స్‌ప్రెషనూ గట్టిగా ఇవ్వక్కర్లేదు.

చాలామంది చేసేది ఏమిటంటే, ఒక మాస్టర్ (సీనంతా పట్టే షాట్), తర్వాత ఇటు సజెషన్, అటు సజెషన్ (ఒకరి భుజం మీంచి మరొకరిని చూపే షాట్లు), రెండు క్లోజులు. ఇద్దరికీ సమానంగా పంచేసరికి సీను ఎవరిదో తెలియకుండా పోతుంది. ఇక్కడ పంపకం సమానంగా ఉండకూడదు. ఆమె షాట్లలో లుక్, అంటే చూపు దిశ, లెన్సుకు దగ్గరగా, ఐదు పది డిగ్రీల లోపు ఉండాలి. ఆమె బట్టల మీదికి దించిన చూపు కూడా లెన్సు కిందికే రావాలి, పెట్టె ఆ కోణంలో పెట్టండి. అతని షాట్లలో లుక్‌ను 35, 40 డిగ్రీలు పక్కకు తీసేయండి, ప్రొఫైల్ (పక్కముఖం) వైపు తిరిగినట్టు. అప్పుడు ఆమెతో ఉంటాం, అతన్ని చూస్తాం.

కొత్తఅసిస్టెంట్

లెన్స్‌బ్యాగ్ గారూ, రెండు సందేహాలండి. క్లోజ్ కాబట్టి 85 ఎం.ఎం. లెన్స్ వేయాలా? అతను మోసం చేసిన మనిషి కాబట్టి లో యాంగిల్‌లో పెద్దగా చూపిస్తే బాగుంటుందా?

లెన్స్‌బ్యాగ్

లెన్స్ సంగతి ముందు. సూపర్ 35 సైజు సెన్సార్ ఉన్న కెమెరా, తల నుంచి భుజాల వరకు, అంటే ఫ్రేము ఎత్తులో సుమారు 45 సెం.మీ. పట్టాలనుకుందాం. 35 ఎం.ఎం. అయితే కెమెరా ఆమెకు దాదాపు 1.1 మీటర్ల దూరంలో, 50 అయితే 1.6 మీటర్లలో, 85 అయితే 2.7 మీటర్లలో ఉండాలి. మూడింటిలోనూ ఆమె ముఖం ఒకే సైజు. మారేది వెనక ఉన్న అతని సైజు. ఆమెకు, గుమ్మానికి మధ్య 2 మీటర్లు ఉందనుకుంటే, 35లో కంటే 85లో అతను ఇంచుమించు 1.6 రెట్లు పెద్దగా పడతాడు. 35లో అతను దూరంగా, గుమ్మంలో చిక్కుకున్నవాడిలా ఉంటాడు. 85లో ఆమె భుజం మీదికి వచ్చి కూర్చుంటాడు. క్లోజ్ ఒకటే అయినా చెప్పే విషయం వేరు.

ఈ సీనుకు నా ఓటు 85కే, కాని గది ఒప్పుకోదు. గుమ్మం నుంచి కెమెరా 4.7 మీటర్లు ఉండాలి, గది పొడవే 3.65. కాబట్టి కిటికీ బయట, గోడకు సుమారు ఒక మీటరు అవతల కెమెరా పెట్టి, రెక్కలు తెరిచి, ఊచలుంటే విప్పించి తీయాలి. అది కుదరకపోతే 50 వేసి కెమెరాను గోడకు ఆనించేయండి. వెనక ఆపరేటర్‌కు చోటుండదు, మానిటర్ మీద చూసుకుంటూ తీయాలి.

85 వేస్తే ఫోకస్ లోతు తగ్గిపోతుందని భయపడేవాళ్లకు: ముఖం సైజు, అపెర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకుందన్నది) రెండూ మార్చకపోతే 35లోనూ 85లోనూ ఫోకస్‌లో ఉండే లోతు దాదాపు ఒకటే. టి 2.8 అపెర్చర్ దగ్గర పది పదిహేను సెం.మీ. తేడా ఎక్కడంటే, 85లో వెనక మసక పెద్దదిగా కనిపిస్తుంది. అతను ఎవరో గుర్తుపట్టేంత ఆకారం ఉండాలంటే టి 5.6కి దించండి, అంటే లైటు నాలుగింతలు కావాలి.

లో యాంగిల్: వద్దు. యాంగిల్‌కు దానంతట దానికి అర్థం ఉండదు, అది ఎవరి కంటి ఎత్తు అన్నదే అర్థం. మంచం మీద కూర్చున్న ఆమె కన్ను నేల నుంచి సుమారు 115 సెం.మీ. ఆమె షాటూ అతని షాటూ రెండూ ఆ 115లోనే తీయండి. అతను కొంచెం కింది నుంచి కనిపిస్తాడు, అయితే అది అతని అధికారం వల్ల కాదు, ఆమె కూర్చున్న చోటు నుంచి చూస్తున్నాం కాబట్టి.

స్కిమ్మర్

లైట్ వైపు నుంచి. దీపం ఆమెకు కిటికీ వైపు, ముఖానికి ఒక మీటరు దూరంలో, గుమ్మానికి 3 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. దూరం మూడింతలైతే వెలుగు తొమ్మిదో వంతు, అంటే మూడు స్టాపుల కంటే కొంచెం ఎక్కువే పడిపోతుంది (ఒక స్టాపు అంటే వెలుగు సగానికి తగ్గడం). గుమ్మంలో అతని ముఖం చీకట్లో ఉండటానికి ఏ మాయా చేయక్కర్లేదు, దూరమే చేసిపెడుతుంది. పైగా అతను ఒక పెద్ద అడుగు లోపలికి వేసి దీపానికి 2 మీటర్లలో నిలబడితే తేడా రెండు స్టాపులకు తగ్గుతుంది. మేకు చప్పుడు విని అతను అడుగు ముందుకు వేస్తే ముఖం దానంతట అదే వెలుగులోకి వస్తుంది. లైట్ క్యూ ఏమీ లేదు, నడకే లైటింగ్.

దీన్ని పాడుచేసే పద్ధతులు రెండు. ఒకటి, దీపం చాలడంలేదని పెద్ద లైటును కిటికీ బయట పెట్టడం. ఆమెకు 3 మీటర్లు, అతనికి 5 మీటర్లు అయిపోతే తేడా ఒకటిన్నర స్టాపే. గది అంతా ఒకే చదునుగా అయిపోతుంది, అతను అడుగు వేసినా ఏమీ మారదు. రెండు, తెల్ల గోడలు. చిన్న గదిలో తెల్ల గోడలు, తెల్ల సీలింగు కలిసి ఉచితంగా ఫిల్ (నీడల్ని నింపే వెలుగు) ఇచ్చేస్తాయి. కాగితం మీద మూడు స్టాపులు వచ్చింది మీటర్ మీద రెండు కూడా రాదు. ఫ్రేములో లేని గోడలకు, వీలైతే సీలింగుకు కూడా నల్లబట్ట కొట్టండి. ఆమె ముఖానికి దీపం లేని వైపు అరమీటరు దూరంలో మరో నల్లబట్ట.

బల్ల మీద దీపాన్ని మామూలు బల్బుతో వదిలేస్తే షేడ్ తెల్లగా కాలిపోతుంది. ఆమె చెంప మీది కీ (ప్రధాన వెలుగు) కంటే షేడ్ ఒకటిన్నర, రెండు స్టాపులు మాత్రమే ఎక్కువ ఉండేలా దించండి, డిమ్మర్‌తో గాని, షేడ్ లోపల ఎన్.డి. జెల్ (రంగు మార్చకుండా వెలుగు తగ్గించే పొర) చుట్టి గాని. ఆ తర్వాత అసలు కీ కోసం బల్ల పక్క నుంచి ఫ్రేము బయట చిన్న లైటు, ముందు 60 × 90 సెం.మీ. స్కిమ్మర్ (వెలుగును మెత్తబరిచే తెర), దీపం దిక్కునుంచే. దీపం వెలుగుతున్నట్టు కనిపించాలి, పని ఇది చేయాలి.

రంగు: దీపం 2700 కెల్విన్, గుమ్మం వెనక వరండాలో ట్యూబ్ లైటు 5000 పైన. కెమెరా 3200 దగ్గర పెడితే ఆమె కొంచెం వెచ్చగా, అతని భుజం అంచు చల్లగా ఉంటాయి. నాకు తెలిసి ఇంతకంటే అవసరం లేదు. నీలం, నారింజ రెండు డబ్బాలు పోసినట్టు చేస్తే గది కాస్తా పోస్టర్ అయిపోతుంది.

కత్తెర

మేకు దగ్గర అందరూ క్లోజ్ ఇన్సర్ట్ (వస్తువునే దగ్గరగా చూపే షాట్) తీద్దామంటారు. నా మాట వినండి, చప్పుడు వచ్చేటప్పుడు మేకు చూపించకండి.

క్రమం ఇలా ఉండాలి. ఫొటో తీయడం ఆమె మిడ్‌లో (నడుము నుంచి పైకి పట్టే షాట్), వెనక మసకగా అతను. అతను రైలు గురించి ఏదో అంటూ ఉంటాడు. అతని క్లోజ్‌కు కట్. సీను మొత్తంలో అతని మొదటి క్లోజ్ ఇదే కావాలి. అతని మాట మధ్యలో, ఫ్రేము బయట, మేకు కదిలిన చప్పుడు. మాట ఆగుతుంది. రెండు సెకన్లు అతని మీదే ఉండండి. చప్పుడు రెండోసారి. అప్పుడు ఆమె చేతికి కట్: మేకు బయటికి వచ్చేసి ఉంటుంది, వేళ్ల మధ్య. గోడలోంచి రావడం మనం చూడలేదు, అతనితో పాటు విన్నాం. సీను అంతా ఆమె దగ్గరున్న ప్రేక్షకుణ్ణి ఆ రెండు సెకన్లు అతని చెవిలో కూర్చోబెట్టాం. లెన్స్‌బ్యాగ్ గారు చెప్పిన అసమాన పంపకం ఇక్కడ తిరగబడుతుంది, తిరగబడినందుకే దెబ్బ తగులుతుంది.

ఇది పని చేయాలంటే ఆ ముందు ఒకటిన్నర నిమిషం అతని క్లోజ్ వాడకూడదు. ముందే ఖర్చు పెట్టేస్తే ఇక్కడ చేతిలో ఏమీ మిగలదు. షూటింగ్‌లో సేఫ్టీకి తీసుకోండి, నష్టం లేదు. ఎడిట్ టేబుల్ మీద వేలు ఆపుకోండి.

కొత్తఅసిస్టెంట్

ఫోకస్ ఆమె నుంచి అతని మీదికి మారిస్తే కట్ లేకుండానే అయిపోతుంది కదండీ? 85 ఎలాగూ ఉంది.

కత్తెర

అవుతుంది. కాని ఫోకస్ మారడం అంటే డైరెక్టరు వేలు చూపించి "ఇప్పుడు ఇతన్ని చూడు" అనడం. చప్పుడు వినగానే ప్రేక్షకుడే అతని ముఖం వెతుక్కోవాలి, ఆ క్షణానికి అది తెర మీద ఉండాలి. మీ పద్ధతిలో చప్పుడు తర్వాత ఫోకస్ చేరడానికి అర సెకను పైనే పడుతుంది, ఆ లోపు అతని మొదటి రియాక్షన్ మసకలో పోతుంది. చప్పుడుకు ముందే మారిస్తే ఏదో జరగబోతోందని చెప్పేసినట్టే.

బూమ్‌రాడ్

ఇక సౌండ్. ముందు ఫ్యాను కథ తేల్చండి. డైలాగ్ టేకుల్లో ఫ్యాను తిరగకూడదు. తిరిగితే ప్రతి కట్ దగ్గరా ఫ్యాను హోరు మెట్టు మెట్టుగా మారుతుంది, బ్లేడ్ల ఊపు లయ తెగిపోతుంది. డీనాయిజ్ చేస్తే మాటల చివరి అక్షరాలు కొరుక్కుపోతాయి. ఫ్యాను ఆపి మాటలు తీసుకోండి. తర్వాత అందరూ కదలకుండా ఉండగా ఫ్యాను ఒక్కటే, తక్కువ స్పీడులో ఒక నిమిషం, ఎక్కువ స్పీడులో ఒక నిమిషం విడిగా రికార్డు చేయండి. ఫ్యాను లేని గది టోన్ (మాటల్లేనప్పటి గది చప్పుడు) కూడా ఒక నిమిషం, అదే లైట్లు వెలుగుతుండగా, అదే జనం గదిలో ఉండగా. జనం బయటికి వెళ్లాక తీసిన టోన్ అతకదు, ఒళ్లూ బట్టలూ ధ్వనిని పీల్చుకుంటాయి.

ఫ్యాను ఫ్రేములో ఉన్న వైడ్‌లో మాత్రం తిరగాల్సిందే. ఆ వైడ్‌లో మాటలు తక్కువ పెట్టండి, లేదా క్లోజుల్లో తీసుకున్న మాటలే అక్కడ వేయండి, పెదాలు కనిపించనంత దూరం ఉంటే చాలు. ఆమె జుట్టు, మంచం మీది బట్టల అంచు క్లోజుల్లో కూడా కొంచెం కదలాలి. ఫ్రేము బయట ఎవరో అట్టముక్కతో విసిరితే సరిపోతుంది.

మైకు: చిన్న గదిలో పొడుగు షాట్‌గన్ వద్దు. పక్కనుంచి వచ్చే ప్రతిధ్వనిని అది సమంగా తగ్గించలేదు, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది. హైపర్‌కార్డియాయిడ్ (ముందు నుంచి వచ్చే ధ్వనినే ఎక్కువగా పట్టే మైకు) పెట్టి, తల మీద 45 నుంచి 60 సెం.మీ. లోపు పట్టుకోండి. కెమెరా వెనక, నేల మీద దుప్పట్లు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మామూలు మాట సగటున మైనస్ 20 డెసిబెల్స్, గట్టి మాట మైనస్ 12 దాటకుండా. 80 హెర్ట్జ్ దగ్గర లోకట్ (అంతకంటే కింది ధ్వనిని కోసే ఫిల్టర్).

ఇప్పుడు అర్థం సంగతి. అతని గొంతు ఎక్కడినుంచి వినిపించాలి? గుమ్మంలో దగ్గరగా మైకు పెట్టి తీస్తే మసకలో ఉన్న మనిషి మన చెవిలో మాట్లాడినట్టు ఉంటుంది. ఆమె తల దగ్గర మైకును అతని వైపు తిప్పి తీస్తే గది దూరం అంతా ఆ గొంతులో ఉంటుంది. ఈ సీనుకు రెండోదే సరైనది, మనం ఆమె పక్కన ఉన్నాం కాబట్టి. అయినా గుమ్మం చట్రం మీద ఒక చిన్న మైకు దాచి దగ్గర గొంతు కూడా తీసుకోండి. దగ్గరిదాన్ని మిక్సింగ్‌లో దూరం చేయవచ్చు, దూరందాన్ని దగ్గరికి తేలేం. కత్తెర గారు చెప్పిన అతని క్లోజ్ వచ్చిన క్షణం నుంచి దగ్గర గొంతుకు మారండి. చూపు మారినచోటే వినికిడీ మారుతుంది.

గుమ్మంనీడ

చాలా బాగుందండి. ఒక ఆలోచన: మేకు పీకేటప్పుడు కరెంటు పోతే? ఫ్యాను ఆగి, నిశ్శబ్దంలో ఆ చప్పుడు ఒక్కటే వినిపిస్తుంది.

స్కిమ్మర్

కరెంటు పోతే నా దీపం కూడా పోతుంది స్వామీ. అప్పుడు అతని ముఖం చూసేదెట్లా?

కత్తెర

దీపం సంగతి సర్దుకోవచ్చు. అసలు చిక్కు వేరు. ఆమె చేసిన పని మీద ఉండాల్సిన దృష్టి కరెంటు మీదికి పోతుంది. కథలో యాదృచ్ఛికం వచ్చి నటి చేతిలో పని లాక్కుంటుంది.

బూమ్‌రాడ్

నిశ్శబ్దం కావాలన్న కోరిక మాత్రం సరైనదే, దానికి కరెంటు తీయక్కర్లేదు. ఫ్యాను విడి ట్రాకులో ఉంది కదా. ఫొటో గోడ మీంచి వచ్చిన దగ్గర్నుంచి 20 సెకన్లలో దాన్ని మెల్లగా 6 డెసిబెల్స్ దించండి. ఎవరూ గమనించరు. మేకు చప్పుడుకు అర సెకను ముందు మరో 3 దించండి. పూర్తిగా తీసేయకండి, శూన్యం వస్తే సౌండ్ పోయిందేమో అనుకుంటారు. గది టోన్ అడుగున నడుస్తూనే ఉండాలి.

మేకు చప్పుడు సెట్లో దొరికేది పనికిరాదు, గీరినట్టు చిన్నగా వస్తుంది. విడిగా చేసుకోండి. ఎండిన గట్టి చెక్కలో మేకు కొట్టి, పటకారుతో మెలితిప్పుతూ లాగండి, మైకు 10, 15 సెం.మీ. దూరంలో. 96 కిలోహెర్ట్జ్‌లో, ఆ పైపౌనఃపున్యాలు నిజంగా పట్టే మైకుతో రికార్డు చేస్తే తర్వాత స్వరం కిందికి దించినా మెరుపు పోదు. కిర్రుమనే భాగం 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య పడేలా చూసుకోండి. మన చెవి అక్కడ చాలా చురుకు, కాబట్టి చప్పుడు పెంచాల్సిన పనే ఉండదు. అతని మాటలోని హల్లులు కూడా అక్కడే ఉంటాయి, రెండూ ఒకదాని మీద ఒకటి పడితే రెండూ పోతాయి. అతను ఊపిరి తీసుకునే సందులో మొదటి కిర్రు పెట్టండి. అది అతని మాటకు అడ్డు పడినట్టే ఉంటుంది.

రెండోకాపీ

ఆర్ట్ వైపు నుంచి. మేకును ప్రతి టేకులో పీకాలి, గోడకు మళ్లీ మళ్లీ బొక్క పెట్టలేం. గోడలో ముందే ఒక చెక్క బిరడా దిగ్గొట్టి, పైన పుట్టీ రాసి, గోడ రంగు వేయండి. మేకు చెక్కలోకి దిగుతుంది, ప్రతిసారీ పట్టు ఉంటుంది, చుట్టూ పుట్టీ మాత్రం టేకు టేకుకూ సవరిస్తే చాలు. పుట్టీలోనే గుచ్చి వదిలేస్తే మేకు వెన్నలోంచి వచ్చినట్టు వస్తుంది, ముంజేతి నరం కదలదు. ఎంత సౌండ్ వేసినా ఆ చేయి అబద్ధం చెప్పేస్తుంది. మూడు నాలుగు టేకులకు బిరడా వదులవుతుంది, రెండు మూడు చేసి ఉంచుకోండి.

ఫొటో తీశాక గోడ మీద రంగు వెలవని చతురస్రం కనపడాలి కదా. అక్కడ స్కిమ్మర్ గారితో తేల్చుకోవలసినది ఉంది.

స్కిమ్మర్

అవును, ఇది మంచి పాయింటు. వెలిసిన గోడ మీద వెలవని మచ్చ అంటే రంగు తేడా. దానికి ఎదురుగా, మెత్తగా, సమంగా పడే వెలుగు కావాలి. మేకు బొక్క, పెచ్చు ఊడిన అంచు అంటే ఎత్తుపల్లాల తేడా. దానికి గోడను రాసుకుంటూ పక్కనుంచి వచ్చే వెలుగు కావాలి. రెండూ ఒకే లైటుతో రావు. బల్ల గోడకు ఆనుకుని ఉంది కాబట్టి దీపం సహజంగానే రెండో పని చేస్తుంది, మచ్చ మాత్రం మాయమవుతుంది.

మచ్చ అవసరం ఆమె మిడ్‌లో, బొక్క అవసరం మేకు వచ్చాక షాట్‌లో. మొదటిదాంట్లో కీ స్కిమ్మర్‌ను గోడకు దూరంగా, కెమెరా వైపు కాస్త తిప్పండి. రెండోదాంట్లో స్కిమ్మర్ తీసేసి చిన్న గట్టి లైటును గోడ నుంచి 10, 15 డిగ్రీల కోణంలో వేయండి. షాట్ మారింది కాబట్టి ఎవరూ పట్టుకోరు, దిక్కు మాత్రం మారకూడదు. మచ్చ రంగు తేడా తక్కువైతే ఆర్ట్ వాళ్లే పెయింటుతో పెంచాలి. లైటుతో లేని రంగు తేలేం.

లెన్స్‌బ్యాగ్

ఇంకో చిక్కు ఎవరూ చెప్పలేదు. 115 ఎత్తు నుంచి నిలబడ్డ మనిషిని తీస్తే 24 ఎం.ఎం. వైడ్‌లో సీలింగు వస్తుంది. దీపం కింద ఉంది, బూమ్ (కర్రకు తగిలించిన మైకు) పైన ఉంది, బూమ్ నీడ నేరుగా సీలింగు మీద పడుతుంది. మామూలుగా పై నుంచి లైటు వేసేటప్పుడు నీడ నేల మీదో గోడ మీదో పడుతుంది కాబట్టి ఈ అలవాటు ఉండదు. ఇది తెలియక సెట్లో అరగంట పోతుంది.

1941 నాటి 'సిటిజన్ కేన్'కు గ్రెగ్ టోలండ్ కెమెరా చేసినప్పుడు లో యాంగిల్స్ కోసం సెట్లకు మస్లిన్ బట్టతో సీలింగు వేసి, మైకులు ఆ బట్ట వెనక పెట్టారు. నిజం గదిలో అది కుదరదు. బూమ్‌ను కింది నుంచి, పెట్టె చాటు నుంచి పైకి చూపించండి.

బూమ్‌రాడ్

కింది నుంచి పడితే ఛాతీ గొంతు ఎక్కువ వస్తుంది, 100 నుంచి 200 హెర్ట్జ్ ప్రాంతం కొంచెం తగ్గించాలి. పెట్టెలో బట్టలు పెట్టే చప్పుడు కూడా మైకు మీదే పడుతుంది. వైడ్ ఒక్కదానికే కాబట్టి సరే. లేపల్ (బట్టలకు తగిలించే చిన్న మైకు) పెట్టాలనుకుంటే ఆమె చేతులు ఎప్పుడూ కదులుతున్నాయి, గుడ్డ రాపిడి తప్పదు. తమ్ముడికి పెట్టండి, చివరి అడుగు దాకా అతను కదలడు.

కొత్తఅసిస్టెంట్

ఫ్యాను గురించి లైటింగ్‌లో ఏమైనా జాగ్రత్త ఉందాండీ? ఇంకొకటి, ఆర్‌ఆర్ (నేపథ్య సంగీతం) ఎక్కడ మొదలవ్వాలి?

స్కిమ్మర్

ఫ్యాను రెక్కల తలానికి పైన ఏ లైటూ ఉండకూడదు. ఉంటే రెక్కలు వెలుగును కోస్తూ గోడంతా రెపరెపలాడుతుంది. దీపం కింద ఉంది కాబట్టి సీలింగు మీద మాత్రమే రెక్కల నీడ తిరుగుతుంది. వైడ్‌లో అది బాగుంటుంది, ఉంచండి.

మరో రెపరెప బల్బుది. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట సెకనుకు 24 ఫ్రేములకు షటర్ 172.8 డిగ్రీలు, 60 హెర్ట్జ్ ఉన్నచోట 144 డిగ్రీలు. దానితో కరెంటు వల్ల వచ్చే ఫ్లికర్ పోతుంది. కాని ఎల్‌ఈడీ బల్బును చౌక డిమ్మర్‌తో దించితే వచ్చే ఫ్లికర్‌కు కరెంటు పౌనఃపున్యంతో సంబంధం లేకపోవచ్చు, షటర్ ఎంత మార్చినా పట్టీలు వస్తూనే ఉండవచ్చు. అందుకే ఎల్‌ఈడీ అయితే డిమ్మర్ వదిలేసి ఎన్.డి. జెల్ వాడటం మేలు. పాత ఫిలమెంట్ బల్బు అయితే డిమ్మర్ సుఖం, కాని దించేకొద్దీ ఎర్రబడుతుంది, ఫిలమెంట్ సన్నగా పాడుతుంది. బూమ్‌రాడ్ గారు ఊరుకోరు.

కత్తెర

ఆర్‌ఆర్: మేకు ఆమె చేతిలో కనిపించాక, కట్ అయిన ఎనిమిది పది ఫ్రేముల తర్వాత. అంతకుముందు వేస్తే సంగీతం ముందే తీర్పు చెప్పేస్తుంది. 1931లో ఫ్రిట్జ్ లాంగ్ 'ఎమ్'లో హంతకుడి ముఖం చూపించకముందే అతని ఈల వినిపించాడు. నేపథ్య సంగీతం లేని సినిమా కాబట్టి ఆ ఈల అంత గట్టిగా నిలబడింది. మీకు ఆ ఈల మేకు చప్పుడే, దాని చుట్టూ ఖాళీ ఉంచండి. నన్నడిగితే ఈ సీనుకు ఆర్‌ఆర్ అసలు వద్దు, ఫ్యాను చాలు.

రెండోకాపీ

దాంతో నేను ఏకీభవించను. రెండు నిమిషాల సీను తర్వాత ఏ సీను వస్తుందో చూడాలి. పక్క సీను సంగీతంతో మొదలైతే దాని తొలి స్వరాన్ని ఇక్కడి చివరి రెండు సెకన్ల మీదికి లాగితే అతుకు బాగుంటుంది. ఆ తర్వాతి సీను కూడా నిశ్శబ్దమైతే కత్తెర గారి మాటే సరి.

గుమ్మంనీడ

ఒక్క భయం ఉంది. ఇది చాలామంది ఫోన్‌లో చూస్తారు. గుమ్మంలో మూడు స్టాపులు కింద ఉన్న ముఖం కనిపిస్తుందా?

స్కిమ్మర్

మామూలు రెక్ 709 (వీడియో తెరల ప్రమాణం)లో ఆమె కీ చెంప వేవ్‌ఫామ్ (వెలుగును 0 నుంచి 100 దాకా చూపే గ్రాఫ్) మీద 45 దగ్గర పెడితే, మూడు స్టాపులు కింద ఉన్న అతని ముఖం 12 చుట్టుపక్కల పడుతుంది. చీకటి హాల్లో అది ముఖమే. పగటి వెలుగులో ఫోన్ మీద అది నల్ల గుండ్రం. రెండు స్టాపుల కింద అయితే 20 దగ్గరికి వస్తుంది, ఫోన్‌లోనూ కళ్లెక్కడున్నాయో తెలుస్తుంది. కాబట్టి గుమ్మంలో మీ లెక్క రెండున్నరకు తెచ్చుకోండి, వరండా వైపు నుంచి తెల్ల థర్మాకోల్ ఒకటి చాలు. అతను అడుగు ముందుకేసినప్పటి మార్పు తగ్గిపోతుందేమో చూసుకోవాలి. తగ్గితే రెండు అడుగులు వేయించండి, దీపానికి 1.5 మీటర్ల దాకా రానివ్వండి, తేడా ఒక స్టాపు పైచిలుకే మిగులుతుంది.

కంటిలో మెరుపు మరిచిపోకండి. గుమ్మంలో ఉన్నంతసేపు అతని కళ్లలో ఏ మెరుపూ ఉండకూడదు, థర్మాకోల్‌ను అందుకే బాగా పక్కకు పెట్టమంటున్నాను. లోపలికి వచ్చినప్పుడు దీపమే కంట్లో చుక్కలా పడుతుంది.

బూమ్‌రాడ్

ఫోన్ స్పీకర్లో 200 హెర్ట్జ్ కింద ఏమీ ఉండదనుకోండి. ఫ్యాను హోరులో అడుగు భాగం అంతా పోతుంది, మిగిలేది గాలి రాపిడి, బేరింగ్ టిక్కు. ఆ టిక్కు స్పష్టంగా ఉన్న ఫ్యానును ఎంచుకుని రికార్డు చేయండి, ఫోన్‌లోనూ ఫ్యానులాగే వినిపిస్తుంది. మేకు కిర్రు ఉన్న ప్రాంతం ఫోన్‌కు బాగా వచ్చు, దానికి ఢోకా లేదు.

మిక్స్ అయ్యాక రెండు పరీక్షలు పెట్టండి. సౌండ్ ఆపేసి చూడండి: ఆమెకు తెలుసని అర్థం కావాలి, అతనికి ఎప్పుడు తెలిసిందో సరిగ్గా అర్థం కాకూడదు. బొమ్మ ఆపేసి వినండి: అతను ఏ మాట దగ్గర ఆగాడో తెలియాలి, ఎందుకు ఆగాడో తెలియకూడదు. మొదటిదాంట్లోనే అంతా తెలిసిపోతే నటుడు ఎక్కువ చేస్తున్నాడు, టేకు మార్చండి. రెండోదాంట్లో ఏమీ తెలియకపోతే కిర్రు అతని హల్లుల కింద పడిపోయింది, ఐదారు ఫ్రేములు వెనక్కి జరపండి.

కత్తెర

వెనక్కి జరిపేటప్పుడు రెండో కిర్రును జరపకండి. అది ఆమె చేతికి వెళ్లే కట్‌కు రెండు ఫ్రేముల ముందు రావాలి, కట్ మీదే పడితే తలుపు వేసినట్టు ఉంటుంది. మొదటిది మాత్రం ఎంతైనా జరుపుకోండి.

గుమ్మంనీడ

షూట్ ఆర్డర్ ఇలా వేస్తున్నాను: ముందు కిటికీ వైపు సెటప్స్ అన్నీ (85, 50, వైడ్), నల్లబట్టలు ఒకసారే కట్టడానికి. తర్వాత గుమ్మం వైపు తిరిగి అతని ప్రొఫైల్, క్లోజ్. గోడ ఇన్సర్ట్ చివర. ఫ్యాను, గది టోన్లు ప్రతి సెటప్ చివరా. అభ్యంతరాలుంటే చెప్పండి.

రెండోకాపీ

గోడ ఇన్సర్ట్ చివర కాదు, మేకు ఉన్న మిడ్ అయిన వెంటనే తీయండి. పుట్టీ ఆరితే రంగు మారుతుంది.